పులికాట్ పాట ఐర్లండ్‌లో గుర్తొచ్చింది!

"మీ ఊరి పాట ఒకటి పాడమ్మా!"

ఎవరైనా ఈ మాట అడిగితే మీరేం పాడతారు? ఒక్క నిమిషం ఆలోచించి చూడండి. సినిమా పాట కాదు, రేడియోలో విన్నదీ కాదు. మీ ఇంట్లో, మీ వీధిలో ఆడవాళ్ళు పాడుకునే పాట.

2018 నవంబరులో ఐర్లండ్‌లోని గాల్వే ఊళ్ళో నన్ను ఈ మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నేను పడ్డ సిగ్గు, తరువాత నాకు దొరికిన సంపద... రెండూ మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఉప్పునీటి ఒడ్డు నుంచి వానల ఊరికి

మాది పులికాట్ ఒడ్డున తడ వైపు ఒక పల్లె. ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అటువైపు శ్రీహరికోట, దాని వెనక సముద్రం. రాకెట్ ఎగిరినప్పుడల్లా మా ఇంటి రేకులు అదురుతాయి. చలికాలం వస్తే రాజహంసలు, నేలపట్టు చెట్ల మీద గూడబాతులు. ఒకప్పుడు నెల్లూరు జిల్లా వాళ్ళం, 2022 నుంచి తిరుపతి జిల్లా వాళ్ళమయ్యాం. ఈ నీళ్ళనూ పక్షులనూ చూస్తూ పెరిగినందుకేనేమో, తిరుపతిలో జీవశాస్త్రం చదివాక సముద్రం గురించి ఇంకా చదవాలనిపించింది. గాల్వేలో సీటొచ్చింది.

"ఐర్లండా? లండన్ పక్కనా?" అన్నారు చుట్టాలు. "ఆడపిల్లను అంత దూరమా?" అన్నారు ఇంకొందరు. ఒకే సంవత్సరంలో ఎమ్మెస్సీ అయిపోతుంది, చదువుకుంటూ వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు అని నాన్నకు లెక్కలు చెప్పి ఒప్పించాను. బ్యాంకు లోను తీసుకున్నాం. అమ్మ గోంగూర పచ్చడి, ఎండు రొయ్యల పొడి సర్దింది. అవ్వ (మా నాన్న తల్లి) మాత్రం, "ఆడ నీళ్ళుండాయా?" అని ఒకటే అడిగింది. ఉన్నాయన్నాను. "అయితే బతుకుతావులే!" అంది.

నీళ్ళకేం కొదవ! పక్కనే అట్లాంటిక్ మహాసముద్రం, పైన ఎప్పుడూ వాన. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. నేనున్నది ఒక పెద్దావిడ ఇంట్లో అద్దె గది. ఆవిడ రిటైరైన నర్సు, పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నారు. అక్కడ అందరూ ఒకర్నొకరు పేరు పెట్టే పిలుచుకుంటారు. నాకేమో అమ్మకంటే పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు. "ఆంటీ" అన్నాను. మొదట నవ్వింది, తరువాత అలవాటు పడింది. చలికాలం మేయడానికి కెనడా ఉత్తర కొస నుంచి ఐర్లండ్ తీరానికి వచ్చే బాతులను ఆవిడే చూపించింది. మా ఊరి రాజహంసలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అది చూసిందేమో, "రేపు రాత్రి నాతో రా, పాటలకు పోదాం" అంది.

ఎక్కడికంటే... పబ్బుకు!

పబ్బులో భజన!

అమ్మతో ఆ మాట చెప్పడానికి నాకు వారం పట్టింది. నిజం చెప్పొద్దూ, నేనూ భయపడుతూనే వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టి చూద్దును గదా, డెబ్భై ఏళ్ళ తాతలు, స్వెటర్లు అల్లుకునే అమ్మమ్మలు, బడికెళ్ళే పిల్లను వెంటబెట్టుకొచ్చిన ఒక తల్లి! నాకు టీ తెచ్చిచ్చారు. ఒక మూల బల్ల చుట్టూ పదిమంది గుండ్రంగా కూర్చున్నారు. వేదిక లేదు, మైకు లేదు. వాయించేవాళ్ళు జనం వైపు కాకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నారు. దీన్ని వాళ్ళు 'సెషన్' అంటారు. నాకైతే మా ఊరి రామాలయంలో శనివారం భజనే కళ్ళముందు మెదిలింది.

వయొలిన్‌ను వాళ్ళూ 'ఫిడేలు' అనే అంటారు! ఆరు బెజ్జాల రేకు పిల్లనగ్రోవి, చెక్క వేణువు, మేకతోలు బిగించి పొట్టి కర్రతో వాయించే 'బౌరాన్'. మన పలకకు చెల్లెలన్నమాట. మోచేతి కింద తిత్తి నొక్కుతూ వాయించే 'ఇలిన్ పైప్స్' ఇంకో వింత. వాళ్ళ భాషలో ఆ పేరుకు మోచెయ్యి అనే అర్థం. మన పల్లెల్లో శ్రుతి కోసం ఊదే తోలుతిత్తికి అది దూరపు బంధువు. 2017లో యునెస్కో ఈ వాయిద్యాన్ని ప్రపంచ వారసత్వ కళల జాబితాలో చేర్చింది.

వాళ్ళ చేతుల్లో కాగితం ఉండదు. ఎవరో ఒకరు మొదలుపెడతారు, తెలిసినవాళ్ళు అందుకుంటారు, తెలియనివాళ్ళు వింటారు. ఒక్కో బాణీని సాధారణంగా మూడుసార్లు తిప్పి, ఆగకుండా ఇంకో బాణీలోకి జారిపోతారు. 'జిగ్' అనే రకం వింటే మనకు తకిట తకిట అనిపిస్తుంది, 'రీల్' అయితే తకధిమి. మధ్యలో ఒకరు పాట ఎత్తుకుంటే మాత్రం గది మొత్తం నిశ్శబ్దం. వాయిద్యం కూడా తోడుండదు. ఐరిష్ భాషలో ఈ పద్ధతిని 'షాన్ నోస్' అంటారు, అంటే పాత పద్ధతి అని. కళ్ళు మూసుకుని ఆ పాడేవాళ్ళను చూస్తుంటే, వాకిట్లో ఒంటరిగా పాడుకునే అవ్వే గుర్తొచ్చింది నాకు.

నోరు పెగల్లేదు

అక్కడొక ఆచారముంది. పాట పాడినవాళ్ళకు తరువాత ఎవరు పాడాలో పిలిచే హక్కుంటుంది. మూడో వారమో నాలుగో వారమో, ఒక పెద్దాయన పాట ముగించి నన్ను పిలిచాడు. మీ ఊరి పాట పాడమని.

సినిమా పాటలు నాకు వందొచ్చు. అన్నమయ్య కీర్తనలు బళ్ళో నేర్చుకున్నవి నాలుగొచ్చు. కానీ వాళ్ళడిగింది వేరు కదా! అవ్వ రొయ్యలు ఒలుస్తూ పాడే పాట ఎత్తుకున్నాను. సరస్సు మీదికి వేటకెళ్ళిన అన్న కోసం ఒడ్డున కాచుక్కూర్చున్న చెల్లెలి పాట అది. గాలిని, పక్షిని, పడవను వరసగా అడుగుతుంది, మా అన్న కనిపించాడా అని. చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్నాను. రెండు చరణాలు పాడాను. మూడోది రాలేదు. గొంతులో ఉన్నట్టే ఉంది, నోటికి రాదు.

"మరిచిపోయాను" అన్నాను తలొంచుకుని. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. పెద్దాయన అన్నమాట ఇప్పటికీ గుర్తే: "పరవాలేదమ్మా, మిగతాది వచ్చే వారం తెచ్చుకో."

మిగతాది తెచ్చుకో! పాట ఇంట్లో మరిచి వచ్చిన గొడుగైనట్టు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పాట పూర్తిగా వచ్చిన మనిషి నాకు తెలిసి ఒక్కతే. ఆమెకప్పటికి ఎనభై దాటాయి.

చేట చేతికిస్తేనే పాట

మర్నాడు ఫోన్ చేశాను. నాకు మధ్యాహ్నం రెండు, వాళ్ళకు రాత్రి ఏడున్నర. అమ్మ ఫోన్ పట్టుకుని అవ్వ ముందు కూర్చుంది.

"ఏం పాపా, తిన్యావా? సలికి ఎట్లుండావు?"

"బాగుండాను అవ్వా. ఆ అన్న పాట ఒకసారి పాడవ్వా."

"పాటా? ఫోన్లో పాటేందే! పనీపాటా లేదా నీకు?"

ఎంత బతిమాలినా లేదు. "అత్తా, బిడ్డ అంత దూరం నుంచి అడగతా ఉండాది గదా" అని అమ్మ అంటే పాడబోయింది. రెండో మాటకే ఆగిపోయింది. "రాదే. మరిచిపోయినా" అంది. నా గుండె జారిపోయింది.

అప్పుడు అమ్మకే తట్టింది. లోపలికెళ్ళి చేటలో ఎండు రొయ్యలు పోసుకొచ్చి అవ్వ ముందు పెట్టింది. అవ్వ అలవాటుగా ఏరడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకు, ఎవరూ అడక్కుండానే పాట వచ్చింది. రెండు చరణాలు కాదు, ఏడు! వేలికీ గొంతుకూ మధ్య ఏదో తాడున్నట్టు, చెయ్యి ఆడితేనే పాట కదిలింది. 'పనీ పాటా' అని మనవాళ్ళు ఆ రెండు మాటలనూ ఊరికే జంట కట్టలేదు!

అన్నట్టు, పులికాట్‌లో అన్ని పనులకూ పాట కుదరదు. లోతు తక్కువ నీళ్ళలో కూర్చుని చేత్తో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్ళు తాటాకు బుట్టను పళ్ళతో పట్టుకుంటారు. నోట్లో బుట్ట ఉంటే ఇంక పాటెక్కడ? "గట్టెక్కినాకే పాట" అనేది అవ్వ. ఆ మాటలో ఎంత బతుకుందో నాకప్పుడు తెలిసింది.

తరువాతి వారం ఏడు చరణాలూ పాడాను. తెలుగు ఒక్క ముక్క తెలియని ఆ మనుషులు నిశ్శబ్దంగా విన్నారు. అయిపోయాక వాళ్ళ భాషలో మన 'శభాష్' లాంటి మాట అన్నారు. తరువాత పాడేవాళ్ళను పిలిచే హక్కు నాకొచ్చింది. మా ఆంటీని పిలిచాను.

మదనపల్లెలో ఐర్లండ్ ఆడపడుచు

ఆ రాత్రే వేణువు వాయించే ఒకాయన, "మీది ఆంధ్రానా? మదనపల్లె తెలుసా?" అని అడిగాడు. ఉలిక్కిపడ్డాను. ఆయనది రాస్కామన్ జిల్లాలో బాయిల్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్ళోనే 1878లో మార్గరెట్ కజిన్స్ పుట్టింది. డబ్లిన్‌లో సంగీతం చదివి, 1902లో అందులో పట్టా తీసుకుంది. ఆడవాళ్ళకు ఓటు కావాలని 1908లో స్నేహితురాళ్ళతో కలిసి సంఘం పెట్టి, ఉద్యమంలో జైలుకెళ్ళింది. 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో మన దేశం వచ్చింది. వాళ్ళు పనిచేసింది మదనపల్లెలోని బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాలేజీలో విడిది చేశారు. ఒక సాయంత్రం విద్యార్థులతో కూర్చున్నప్పుడు తన 'జనగణమన' పాడి వినిపించారు. మార్గరెట్ ఆ బాణీని స్వరాలుగా కాగితం మీద పెట్టింది. ఠాగూర్ దానికి ఇంగ్లీషు అనువాదం రాసిందీ అక్కడే, ఫిబ్రవరి 28న. 1950లో అదే మన జాతీయగీతమైంది. అంతేకాదు, 1917లో మద్రాసులో పుట్టిన మహిళా భారత సంఘం, 1927లో మొదలైన అఖిల భారత మహిళా సదస్సు... రెండింటి వెనకా ఆమె చెయ్యి ఉంది. 1932లో వేలూరు జైల్లోనూ ఉంది. 1954లో మన దేశంలోనే కన్నుమూసింది.

తిరుపతిలో అయిదేళ్ళు చదివాను. మదనపల్లె బస్సులు రోజూ కళ్ళముందే పోయేవి. ఆ సంగతి నాకు గాల్వేలో ఒక ఐరిష్ ముసలాయన చెప్పాల్సి వచ్చింది! ఒక ఐర్లండ్ ఆడపిల్ల మన చిత్తూరు గడ్డ మీద కూర్చుని, విన్న పాట పోకుండా రాసి పెట్టింది. వందేళ్ళ తరువాత పులికాట్ పిల్లనైన నేను ఐర్లండ్‌లో కూర్చుని మా అవ్వ పాట రాసుకుంటున్నాను. ఇంతకన్నా ఏం కావాలి, ఒక నోటు పుస్తకం కొనడానికి?

పొయ్యి పక్క వాయిద్యం

మా ఆంటీ వాయించేది కాన్సర్టీనా. ఆరు పలకల చిన్న పెట్టె, రెండు చేతుల మధ్య మన హార్మోనియం తిత్తిలాగా ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. ఆవిడ పుట్టిల్లు క్లేర్ జిల్లా. అక్కడ ఒకప్పుడు దీన్ని ఆడవాళ్ళ వాయిద్యమనేవారట. చెమ్మ తగలకుండా పొయ్యి పక్క గూట్లో పెట్టుకునేవారు. వంట, పాడి, పిల్లలు... అన్నీ అయ్యాక చేతిలోకి తీసుకునేవారు. ఇళ్ళలోనే నాట్యాలు జరిగేవి. 1935లో ప్రభుత్వం నాట్యాలకు లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చింది. ఇళ్ళలో నాట్యాలు తగ్గిపోయాయి. తరువాత సంగీతం పబ్బుల్లోకి వెళ్ళింది. పబ్బేమో మగవాళ్ళది! వంటింట్లో వాయించిన అమ్మలు అక్కడే ఉండిపోయారు.

ఎలిజబెత్ క్రాటీ వంటి వాళ్ళు అరుదు. 1885లో పుట్టిన ఈ క్లేర్ ఆడమనిషి కాన్సర్టీనా 1950లలో రేడియో ద్వారా దేశమంతా వినిపించింది. అందరికీ ఆ అదృష్టం లేదు. "పెళ్ళయ్యాక ఇరవై రెండేళ్ళు నేను పెట్టె తెరవలేదు" అంది ఆంటీ. "ఎవరూ వద్దనలేదు. వాయించమని కూడా ఎవరూ అనలేదు."

ఆ మాట విని నేను అమ్మ గురించి ఆలోచించాను. పెళ్ళికి ముందు అమ్మ మంగళహారతులు పాడేదట. నేనెప్పుడూ వినలేదు. అవ్వ పాటలు నాకు రాకపోవడానికి నా చదువే కారణమనుకున్నాను గానీ, మధ్యలో ఒక గొంతు మూగపోయిందని అప్పటిదాకా తట్టనే లేదు.

ఐర్లండ్‌లో పాట ఊరికే బతకలేదు. 1845-49 కరువులో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, ఇంచుమించు అంతమందే దేశం విడిచారు. వాళ్ళ సొంత భాష ఇంగ్లీషు ముందు వెనకబడింది. పాట కూడా పోయేదే. కానీ వలస వెళ్ళినవాళ్ళు వెంట తీసుకెళ్ళారు. ఫ్రాన్సిస్ ఓనీల్ అనే ఆయన అమెరికాలో షికాగో పోలీసు అధిపతిగా ఉంటూ, ఐరిష్ వాళ్ళ దగ్గర బాణీలు విని, 1903లో 1,850 బాణీలతో పుస్తకం వేశాడు. 1951లో 'కోల్తస్' అనే సంఘం పుట్టి ఊరూరా పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. 1987లో డబ్లిన్‌లో పాత రికార్డింగులన్నీ దాచే భాండాగారం వెలిసింది.

2019 జులైలో ఆంటీ నన్ను క్లేర్‌లోని మిల్టౌన్ మాల్బే అనే ఊరికి తీసుకెళ్ళింది. పైప్స్ విద్వాంసుడు విల్లీ క్లాన్సీ పేరు మీద 1973 నుంచి అక్కడ ఏటా వేసవి పాఠశాల జరుగుతుంది. ఊరంతా బడే! పదేళ్ళ పిల్ల పక్కన అరవై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఒకే బాణీ నేర్చుకుంటోంది. ఎవరికీ సిగ్గు లేదు.

ఫోన్లో పదకొండు పాటలు

చదువు ముగించుకుని 2019 డిసెంబరులో ఇంటికొచ్చాను. సంక్రాంతికి అవ్వ దగ్గర కూర్చున్నాను, చేతిలో ఫోను, ముందర చేట. ఆ తరువాత వచ్చిన లాక్‌డౌన్ అందరినీ ఏడిపించింది గానీ, నన్ను అవ్వ పక్కన కూర్చోబెట్టింది. చింతపండు గింజలు తీస్తూ ఒక పాట, వల చిక్కు తీస్తూ ఒకటి, ముని మనవణ్ణి ఊపుతూ ఒకటి. మొత్తం పదకొండు పాటలు దొరికాయి. కొన్నిట్లో తమిళం మాటలు కలిసిపోయి ఉంటాయి, మా సరిహద్దు ఊళ్ళ మాటలాగే. ఒక్కో పాట కింద తేదీ, అప్పుడు ఆమె చేస్తున్న పని రాసుకున్నాను.

2021లో అవ్వ పోయింది. ఆమెకు మొత్తం ఎన్ని పాటలొచ్చో! పదకొండు నాకు దక్కాయి. మిగిలినవి ఆమెతోనే వెళ్ళిపోయాయి. ఇంకో అయిదేళ్ళు ముందు అడిగి ఉంటే... అనుకోని రోజు లేదు.

పెద్దకర్మ అయిన నెలకు, ఒక సాయంత్రం వంటింట్లోంచి పాట వినబడింది. అన్న కోసం ఎదురుచూసే చెల్లెలి పాట. ఫోనేమో నా చేతిలోనే ఉంది! తొంగి చూస్తే అమ్మ. రొయ్యలు ఒలుస్తోంది. ఫోన్ పట్టుకుని కూర్చున్న అన్ని రోజులూ అమ్మ కూడా నేర్చుకుందన్న మాట! నన్ను చూసి టక్కున ఆపేసింది. "పాడమ్మా" అన్నాను. ఆంటీ అన్నమాట గుర్తొచ్చింది... వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు, పాడమన్నవాళ్ళే లేరు.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు మా అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరుతున్నారు. పని తెచ్చుకుని వస్తారు. ఒకరు పాడి ఇంకొకరిని పిలుస్తారు. ఆ ఆచారం గాల్వే నుంచి తెచ్చిందే! మైకు లేదు, వీడియో తియ్యం. కొన్ని వారాలు ఎవరూ రారు. ఆ రోజు అమ్మా నేనే పాడుకుంటాం. పోయిన నెల మా ఎదురింటి పదేళ్ళ పిల్ల మూడో చరణం దగ్గర నన్ను సరిదిద్దింది. అంతకన్నా సంతోషం ఏముంటుంది?

నేర్చుకోవడానికి మీరు ఐర్లండ్ దాకా వెళ్ళనక్కర్లేదు. మీ ఇంట్లో అవ్వో, అమ్మమ్మో, అత్తగారో ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. "పాట పాడు" అంటే రాదంటారు. అది నిజమని నమ్మి లేచిపోకండి. చిక్కుడుకాయలో, చింతపండో ముందు పెట్టండి. మీరూ ఒక చెయ్యి వెయ్యండి. కాసేపు ఓపిక పట్టండి.

పాట అదే వస్తుంది.